బయటివారి ప్యాచ్‌ను ప్రాజెక్టులోకి తీసుకోవడం ఎలా: నిర్వాహకులకు అంచెలవారీ మార్గదర్శి

మీరు రాసిన ప్రోగ్రామును మీరెరగని ఎవరో వాడుతున్నారు. అందులో ఒక లోపం కనిపెట్టారు, తామే సరిదిద్దారు, ఆ మార్పును మీకు పంపారు. ఇలా పంపే మార్పునే ప్యాచ్ అంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి వార్త ఉండదు. అయితే అరణంగా వచ్చిన ఆవుకు వెల కట్టక్కర్లేదు గానీ రోజూ మేత వేయాల్సింది మనమే. పంపినవారు రేపు మరో పనిలో పడిపోవచ్చు. మూడేళ్ల తర్వాత ఆ కోడ్‌లో బగ్ బయటపడితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు. అందుకే ‘ఇది పనిచేస్తుందా?’ అన్నది సమీక్షలో రెండో ప్రశ్న. ‘పంపిన మనిషి అందుబాటులో లేకపోయినా దీన్ని నేను సాకగలనా?’ అన్నది మొదటిది. కింది అంచెలన్నీ ఈ మొదటి ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ఈ మార్గదర్శి, కోడ్‌లో ప్రతి మార్పు చరిత్రనూ దాచిపెట్టే గిట్ అనే సాధనాన్ని వాడే చిన్న, మధ్యస్థాయి ప్రాజెక్టుల కోసం. పద్ధతులు ఎక్కువగా, లినక్స్ వ్యవస్థకు గుండెకాయైన లినక్స్ కెర్నెల్ నుంచి తీసుకున్నాను. బయటివారి ప్యాచ్‌లను అంత భారీగా, అంతకాలంగా తీసుకుంటున్న ప్రాజెక్టులు తక్కువ. 2005లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాసింది కూడా ఆ ప్రవాహాన్ని సంభాళించడానికే. ప్యాచ్ ఈమెయిలులో వచ్చినా, గిట్‌హబ్ వంటి వెబ్‌సైటులో ‘నా మార్పును కలపండి’ అన్న అభ్యర్థనగా, అంటే పుల్ రిక్వెస్టుగా వచ్చినా తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఒకటే.

1. నియమాలు ముందే రాసిపెట్టండి

ప్యాచ్ వచ్చాక నియమాలు చెబితే, తనను ఆపడానికే వాటిని పుట్టించారని పంపినవారికి అనిపిస్తుంది. ప్రాజెక్టు పై డైరెక్టరీలోనే ‘కంట్రిబ్యూటింగ్’ అనే ఫైలు పెట్టండి. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. బిల్డ్ చేసే (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే) కమాండు, టెస్టులు నడిపే కమాండు, మార్పులు ఏ బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే పాయ) మీద చేయాలన్న సంగతి, భద్రతా లోపాలను గుట్టుగా తెలపడానికి ఒక ఈమెయిలు చిరునామా అందులో తప్పక ఉండాలి.

కోడ్ అమరిక గురించి వ్యాసాలు రాయకండి. సి భాషకు క్లాంగ్-ఫార్మాట్, పైథాన్‌కు బ్లాక్ వంటి సాధనాన్ని ఎంచుకుని, దాని సెట్టింగుల ఫైలును ప్రాజెక్టులోనే ఉంచండి. ఖాళీల గురించి, బ్రాకెట్ల గురించి మనిషి మనిషితో వాదించడమంత దండగ పని లేదు. అదే మాట యంత్రం చెబితే ఎవరికీ కోపం రాదు.

ఆ ఫైలులో అన్నిటికంటే విలువైన వాక్యం ఇది: ‘కొత్త ఫీచర్ అయినా, పెద్ద మార్పు అయినా కోడ్ రాయకముందే మాతో చర్చించండి.’ నెలరోజులు కష్టపడి రాసిన కోడ్‌ను వద్దనడం కంటే రెండు వాక్యాల ఆలోచనను వద్దనడం ఇద్దరికీ తేలిక.

కృత్రిమ మేధ రాసిన కోడ్‌పై మీ వైఖరి ఏదైనా సరే, అదీ రాయండి. జెంటూ లినక్స్ 2024 ఏప్రిల్‌లో, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం ఆ మరుసటి నెలలో అలాంటి కోడ్ వద్దని ప్రకటించాయి. మీరు ఒప్పుకునేట్లయితే కనీసం ఒక షరతు పెట్టండి: పంపినవారు తమ ప్యాచ్‌లోని ప్రతి వరుసనూ తమ మాటల్లో వివరించగలగాలి.

2. అందిందని చెప్పండి, ఆ తర్వాత వేరుచేయండి

సమీక్షకు తీరిక లేకపోయినా రెండు మూడు రోజుల్లో ఒక మాట రాయండి. ‘ప్యాచ్ అందింది, ధన్యవాదాలు. వచ్చే వారాంతంలో చూస్తాను’ అన్నా చాలు. కొత్తవారిని కటువైన సమీక్ష కంటే మౌనమే ఎక్కువగా దూరం చేస్తుంది.

తర్వాత వేరుచేయడం. అక్షరదోషాలు, ఒక వరుస సవరణల వంటివి అప్పటికప్పుడు కలిపేయండి. బగ్ సవరణలు వరుసలోకి వెళ్తాయి. కొత్త ఫీచర్లయితే కోడ్ చదవకముందే అవి కావాలో వద్దో తేల్చుకోండి. మిగిలింది చెత్త. అక్టోబరు నెలలో జరిగే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవంలో, పుల్ రిక్వెస్టులు పంపినవారికి ఇచ్చే టీషర్టు కోసం 2020లో అర్థంలేని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. చివరికి ఆ ఉత్సవ నిర్వాహకులు, సమ్మతించిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు ఇలాంటి గతే పట్టింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో నేర్పే ఒక యూట్యూబ్ పాఠాన్ని మన దేశపు విద్యార్థులు యథాతథంగా అనుసరించి, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో తమ పేర్లు చేర్చి పంపారు. అలాంటివాటిని మర్యాదగా, ఒకే వాక్యంతో మూసేయండి. పంపింది మొదటి ఏడాది ఇంజనీరింగు విద్యార్థి అయి ఉండవచ్చు. ఎగతాళి చేస్తే మళ్లీ ఏ ప్రాజెక్టు గడపా తొక్కరు.

3. కోడ్ ఎక్కడిదో తేల్చుకోండి

చాలామంది దాటేసే అంచె ఇది. 2003లో ఎస్‌సీవో సంస్థ, తమ యూనిక్స్ కోడ్‌ను లినక్స్‌లోకి చేర్చారంటూ ఐబీఎంపై దావా వేసింది. ఏ వరుస ఎవరి చేతి నుంచి వచ్చిందో చూపగలగాలన్న అవసరం అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది. 2004లో కెర్నెల్ ప్రాజెక్టు ‘డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్’ అనే చిన్న ప్రకటనను తెచ్చింది. ‘ఈ కోడ్ నేను రాసింది, లేదా దీన్ని ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది’ అన్నదే దాని సారం. పంపినవారు కమిట్ (గిట్‌లో నమోదయ్యే ఒక మార్పు) సందేశం చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అని రాసి పేరు, ఈమెయిలు పెడితే ఆ ప్రకటనకు కట్టుబడినట్లు. గిట్ కమిట్ కమాండుకు ‘ఎస్’ ఆప్షన్ ఇస్తే ఆ వరుస దానంతటదే చేరుతుంది.

చిన్న ప్రాజెక్టుకు ఇది చాలు. కాపీరైటును రాసివ్వమని పత్రాలు పంపితే సగం మంది అక్కడే ఆగిపోతారు. కాపీరైటు బదలాయింపుకు పేరుపడిన జీసీసీ కంపైలర్ ప్రాజెక్టు కూడా 2021 నుంచి ఈ సంతకాన్ని అంగీకరిస్తోంది.

పేర్ల దగ్గర ఒక మాట. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, తరచూ పొడి అక్షరంగానే ఉంటుంది, కొందరికి ఒకే పేరు ఉంటుంది. ‘మొదటి పేరు, చివరి పేరు పూర్తిగా రాయండి’ అని పట్టుబట్టకండి. కెర్నెల్ కూడా 2023లో ‘అసలు పేరు’ అన్న మాట తీసేసి ‘తెలిసిన గుర్తింపు’ ఉంటే చాలంది. ప్రతిసారీ ఒకే పేరు, ఒకే ఈమెయిలు వాడమని మాత్రం అడగండి.

పంపినవారు ఉద్యోగి అయితే ఒక ప్రశ్న వేయక తప్పదు. భారత కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా సృష్టించిన రచనకు మొదటి హక్కుదారు యజమానే. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ రాత్రిపూట ప్యాచ్‌లు పంపేవారు తమ నియామక ఒప్పందం ఏమంటోందో ఒకసారి చూసుకోవడం వారికీ మీకూ మంచిది.

కోడ్ వేరేచోటి నుంచి వచ్చినట్లుంటే లైసెన్సు సరిపోలుతుందో చూడండి. అపాచీ 2.0 లైసెన్సు ఉన్న కోడ్‌ను జీపీఎల్ లైసెన్సు మూడో వెర్షన్ ప్రాజెక్టులో కలపవచ్చు. ‘జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే’ అన్న ప్రాజెక్టులో కలపకూడదు. ప్యాచ్‌లోని ఒక ఫంక్షన్ మాత్రం మిగతా కోడ్‌తో పొసగని శైలిలో, పొసగని పేర్లతో కనిపిస్తే, ఎక్కడి నుంచి తెచ్చారో అడగడం తప్పు కాదు.

4. నడపకముందే చదవండి

ప్యాచ్‌ను బిల్డ్ చేయడమంటే అపరిచితుల ప్రోగ్రామును మీ కంప్యూటరులో నడపడమే. టెస్టులు నడిపినా అంతే. కాబట్టి మొదట బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైలు, సెటప్ స్క్రిప్టులు, ఆధార లైబ్రరీల జాబితా మారాయేమో చూడండి. మారితే పంపినవారి సందేశంలో దానికి కారణం ఉండాలి. అనుమానం ఉంటే, మిగతా కంప్యూటరుకు తగలకుండా విడిగా నడిపే కంటెయినరులోనో, వర్చువల్ మెషీనులోనో నడపండి.

పుల్ రిక్వెస్ట్ రాగానే దానంతటదే టెస్టులు నడిపే ఏర్పాటు ఉంటే మరో జాగ్రత్త కావాలి. ఆ టెస్టులకు మీ పాస్‌వర్డులు, రహస్య కీలు అందకూడదు. ఉచితంగా దొరికే ఆ యంత్రాలపై క్రిప్టో నాణేల తవ్వకానికి పుల్ రిక్వెస్టులు పంపేవారు పెరగడంతో, 2021లో గిట్‌హబ్ కొత్తవారి మార్పులపై టెస్టులు నడవాలంటే నిర్వాహకుల అనుమతి ఉండాలన్న నియమం తెచ్చింది. ఆ నియమాన్ని సడలించకండి.

5. మీ దగ్గర పెట్టి చూడండి

ప్యాచ్‌కు విడిగా ఒక బ్రాంచ్ తెరవండి. ముందు గిట్ అప్లై కమాండుకు ‘చెక్’ ఆప్షన్ ఇచ్చి అతుకుతుందో లేదో చూడండి. ఇది ఫైళ్లను ముట్టుకోదు. ఈమెయిలు ప్యాచ్ అయితే గిట్ ఏఎమ్ వాడండి. రాసినవారి పేరు, తేదీ, సందేశం చెక్కుచెదరకుండా కమిట్ తయారవుతుంది. అతకకపోతే ‘త్రీ-వే’ ఆప్షన్‌తో మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే ‘అబార్ట్’తో వెనక్కి వచ్చి, తాజా కోడ్ మీద మళ్లీ తయారుచేసి పంపమని అడగండి. చేత్తో కాపీ చేసి అతికించడం మాత్రం వద్దు: అలా చేస్తే ఆ కోడ్ మీ పేరున నమోదవుతుంది.

ప్యాచ్‌లు ఒక వరుసగా వస్తే, ప్రతి మెట్టులోనూ ప్రోగ్రాం బిల్డ్ కావాలి. కమిట్లను మళ్లీ వరుసగా పేర్చే గిట్ రీబేస్‌కు ‘ఎగ్జెక్’ ఆప్షన్‌తో మీ టెస్టు కమాండు ఇస్తే ఒక్కో కమిట్ దగ్గరా ఆగి టెస్టులు నడుపుతుంది. ఇది చాదస్తం కాదు. వెయ్యి కమిట్ల మధ్య బగ్ ఎక్కడ పుట్టిందో గిట్ బైసెక్ట్ పది మెట్లలో పట్టిస్తుంది. మధ్యలో బిల్డ్ కాని కమిట్లుంటే ఆ వేట అక్కడే తప్పుదారి పడుతుంది.

6. సమీక్ష

పై నుంచి కిందికి రండి. ముందు సందేశం చదవండి, కోడ్ తర్వాత. ఏమి మార్చారో కోడే చెబుతుంది. ఎందుకు మార్చారో సందేశం చెప్పాలి. ‘బగ్ సరిచేశాను’ అన్నది సందేశం కాదు. ఏ సందర్భంలో ఏమి జరుగుతోంది, ఏమి జరగాలి, ఈ మార్గాన్నే ఎందుకు ఎంచుకున్నారు, ఈ మూడూ ఉండాలి. పంపినవారు లేని రోజున మీకు మిగిలేది ఆ సందేశమే కాబట్టి ఇక్కడ మొహమాటపడకండి.

రెండోది, ఒక ప్యాచ్‌లో ఒకే పని. బగ్ సవరణతో పాటు ఫైలంతా కొత్తగా అమర్చి పంపితే, అసలు మార్పు ఆ గందరగోళంలో కనబడకుండా పోతుంది. విడదీయమనండి. దీని విలువ తెలియాలంటే ఆర్కైవ్ ఫైళ్లను చదివే లిబ్‌ఆర్కైవ్ అనే లైబ్రరీలో 2021లో చేరిన ఒక చిన్న ప్యాచ్‌ను చూడాలి. చెప్పుకోవడానికి అది దోష సందేశానికి మరికొంత వివరం చేర్చే మార్పు. దాంతో పాటే, అక్షరాలను వడగట్టి భద్రంగా ముద్రించే ఫంక్షన్ స్థానంలో మామూలు ముద్రణ ఫంక్షన్ వచ్చి కూర్చుంది. ఎవరూ ప్రశ్నించలేదు, కలిపేశారు. పంపిన ఖాతా ‘జియా టాన్’ పేరుతో ఉంది. అదే ఖాతా ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు ప్రోగ్రాంలో దొంగదారి పెట్టిన ఉదంతం (11వ అంచెలో చెబుతాను) 2024లో బయటపడ్డాకే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. కలిపిన వరుసల కంటే తీసేసిన వరుసలను ఎక్కువ శ్రద్ధగా చదవమని చెప్పేది ఇందుకే.

హెచ్చరికల నోరు మూయించే ప్యాచ్‌లతో మరీ జాగ్రత్త. 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో, రహస్య కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకి అలాంటి మార్పే జరిగింది. వాల్‌గ్రైండ్ అనే సాధనం ఇచ్చే హెచ్చరికలను ఆపడానికి కొన్ని వరుసలు తీసేశారు. యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి ప్రాణం ఆ వరుసల్లోనే ఉంది. ఫలితంగా ఆ వ్యవస్థలో పుట్టే కీలకు ఆధారంగా ప్రాసెస్ సంఖ్య (నడుస్తున్న ప్రోగ్రాముకు వ్యవస్థ ఇచ్చే వరుస సంఖ్య) ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలకు మించి లేకుండా పోయాయి. 2008 మే నెలలో అది బయటపడేదాకా తయారైన కీలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. హెచ్చరిక ఎందుకు వస్తోందో పంపినవారు వివరించలేకపోతే ఆ ప్యాచ్ తీసుకోకండి.

మూడోది టెస్టు. బగ్ సవరణతో టెస్టు కూడా వస్తే సంతోషం. అయితే దాన్ని పరీక్షించండి: సవరణను పక్కన పెట్టి కొత్త టెస్టును మాత్రం నడపండి. అది విఫలం కావాలి. సవరణ లేకున్నా నెగ్గే టెస్టు ఏమీ పరీక్షించడం లేదు.

ఇక కోడ్. ఖాళీ ఇన్‌పుట్ వస్తే? ఫైలు తెరుచుకోకపోతే? మధ్యలో విఫలమైతే తీసుకున్న మెమరీని వదిలేస్తోందా? అంతా సజావుగా సాగే దారిని పంపినవారు ఎలాగూ పరీక్షించే ఉంటారు. మీ సమయాన్ని దోషాల దారుల మీద పెట్టండి.

అక్షరాలను తాకే ప్యాచ్ ఏదైనా తెలుగుతో పరీక్షించండి. ఇది భాషాభిమానం కాదు, మంచి టెస్టు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో కోడ్ పాయింటుకు (అక్షరంలోని ఒక్కో గుర్తుకు) 3 బైట్లు. ‘జ్ఞా’ అన్నది చూపుకు ఒక అక్షరమే, లోపల 4 కోడ్ పాయింట్లు, 12 బైట్లు. ‘పేరు పొడవు పది బైట్లు దాటితే కత్తిరించు’ అనే ప్యాచ్ ఇంగ్లిషు పేర్లతో చక్కగా పనిచేసి ఇక్కడ చతికిలపడుతుంది. 2018 ఫిబ్రవరిలో సరిగ్గా ఈ అక్షరం, లోపల కనబడని ఒక విడదీత గుర్తుతో వచ్చి, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదలతో దాన్ని సరిచేసింది.

7. వ్యాఖ్యలు రాసేటప్పుడు

తప్పనిసరిగా మార్చాల్సినవి ఏవో, మీ అభిరుచి ఏదో విడదీసి చెప్పండి. ‘ఇది మార్చకపోతే కలపలేను’, ‘ఇది నా సూచన మాత్రమే’ అని ముందే గుర్తుపెడితే కొత్తవారికి దారి తెలుస్తుంది. ‘మీరు తప్పు చేశారు’ అనకుండా ‘ఈ ఫంక్షన్ ఖాళీ జాబితాకు విఫలమవుతోంది’ అనండి. చెప్పాల్సినవన్నీ ఒకేసారి చెప్పడం కూడా మర్యాదే. ఈ వారం మూడు, అవి సరిచేశాక మరో మూడు అంటే ఎవరికైనా విసుగే.

చివర్లో రెండు మూడు చిన్న సవరణలే మిగిలితే వెనక్కి పంపకండి. మీరే చేసి, ఏమి మార్చారో కమిట్ సందేశంలో మీ సంతకానికి పైన ఒక వరుసలో రాయండి.

8. రెండో వెర్షన్, మూడో వెర్షన్

సవరించిన ప్యాచ్ వచ్చేటప్పుడు దానికి వెర్షన్ సంఖ్య ఉండాలి. గిట్ ఫార్మాట్-ప్యాచ్ కమాండుకు ‘వీ’ ఆప్షన్‌తో ఆ సంఖ్య ఇస్తే ప్యాచ్ శీర్షికలో చేరుస్తుంది. క్రితంసారికీ ఇప్పటికీ తేడా ఏమిటో సందేశం కింద వచ్చే మూడు గీతల తర్వాత రాయమనండి. ఆ భాగం చర్చ కోసమే, చరిత్రలోకి ఎక్కదు. అయినా వారి మాట మీదే ఆధారపడకండి. 2018లో గిట్ 2.19తో వచ్చిన రేంజ్-డిఫ్ కమాండు రెండు వెర్షన్ల ప్యాచ్‌లను పక్కపక్కన పెట్టి, మారినంత మేరకే చూపిస్తుంది. మీరు అడగనివి కూడా మారి ఉంటే అక్కడే బయటపడతాయి.

పంపినవారు మధ్యలో మాయమైతే? ఒకసారి గుర్తుచేయండి. ఒక నెల చూసి, ప్యాచ్ అవసరమైనదైతే మీరే పూర్తిచేయండి, లేకపోతే మూసేయండి. పూర్తిచేసినా రచయితగా వారి పేరే ఉంచండి. సగానికి పైగా మీరు తిరగరాస్తే, కెర్నెల్‌లో చేసినట్లు ‘కో-డెవలప్డ్-బై’ వరుసతో ఇద్దరి పేర్లూ పెట్టవచ్చు.

9. వద్దని చెప్పడం

కోడ్ బాగున్నా వద్దనాల్సిన ప్యాచ్‌లు ఉంటాయి. ఒకే వ్యక్తికి అవసరమైన ఫీచర్, మీ దగ్గర లేని యంత్రం కోసం రాసిన కోడ్, ప్రాజెక్టు దారి మళ్లించే మార్పు ఇలాంటివి. ‘తర్వాత చూద్దాం’ అని నెలల తరబడి నాన్చడం దయ అనిపించుకోదు. ఇలా రాయవచ్చు:

‘ప్యాచ్ చక్కగా రాశారు, టెస్టులు కూడా బాగున్నాయి. అయితే ఈ డేటాబేసును మాలో ఎవరూ వాడరు కాబట్టి రేపు దీన్ని నిర్వహించలేం. అందుకే తీసుకోలేకపోతున్నాం. దీన్ని ప్లగిన్‌గా విడిగా నడపదలిస్తే, దానికి కావాల్సిన ఇంటర్‌ఫేస్‌ను మా వైపు నుంచి చేర్చడానికి సిద్ధం.’

కారణం ఒక్కటి చెప్పండి, అది అసలు కారణమై ఉండాలి. సాకులు చెబితే వాటిని ఒక్కొక్కటే సరిచేసి మళ్లీ పంపుతారు, అప్పుడు ఇరుకున పడేది మీరే.

10. కలపడం

విడుదలకు ముందు రోజుల్లో బగ్ సవరణలు తప్ప ఏవీ కలపకండి. కెర్నెల్‌లో కొత్త మార్పులకు రెండు వారాల గడువే ఉంటుంది. ఆ తర్వాత విడుదల దాకా సవరణలే. బగ్ సవరణ అయితే, ఆ బగ్‌ను తెచ్చిన పాత కమిట్ గుర్తింపును ‘ఫిక్సెస్’ వరుసలో రాయండి. పాత విడుదలల్లో దేనికి ఈ సవరణ కావాలో దాన్ని చూసి చెప్పేయవచ్చు. సమీక్షించినవారిని, పరీక్షించినవారిని కూడా ‘రివ్యూడ్-బై’, ‘టెస్టెడ్-బై’ వరుసల్లో చేర్చండి. విడుదల ప్రకటనలో పేర్ల జాబితా కావాలంటే గిట్ షార్ట్‌లాగ్ క్షణంలో ఇస్తుంది. ప్యాచ్‌కు జీతం లేదు కాబట్టి ఆ పేరైనా సరిగ్గా పడాలి.

11. కలిపాక

కలిపిన మార్పు వల్ల ఏదైనా విరిగితే ముందు గిట్ రివర్ట్‌తో వెనక్కి తీయండి, చర్చ తర్వాత. రచయితకు కారణం రాసి, సరిచేసి మళ్లీ పంపమని ఆహ్వానించండి. వెనక్కి తీయడం అవమానం కాదని మొదటిసారే చెబితే రెండోసారి ఎవరూ నొచ్చుకోరు.

మంచి ప్యాచ్‌లు వరసగా పంపేవారికి ఏదో ఒక రోజు నేరుగా కలిపే హక్కు ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వాలి కూడా, ఒక్క మనిషి మీద నడిచే ప్రాజెక్టు ఆ మనిషి అలసటతో ఆగిపోతుంది. ఎక్స్‌జెడ్‌లో జరిగింది ఆ అలసటను వాడుకోవడమే. 2022లో కొన్ని ఖాతాలు ‘ప్యాచ్‌లు తీసుకోవడం లేదు, మరొకరికి అప్పగించండి’ అని నిర్వాహకుడిని పోరాయి. జియా టాన్ ఖాతాకు క్రమంగా హక్కులు దక్కాయి. 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి చేరింది. దూరంలోని కంప్యూటరులోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టారు. హానికర కోడ్ టెస్టు ఫైళ్ల రూపంలో, ఎవరూ చదవలేని బైనరీలుగా లోపలికి వచ్చింది. దాన్ని తట్టిలేపే స్క్రిప్టు గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులో (వాడుకరులకు అందించే కోడ్ మూటలో) మాత్రమే ఉంది.

కాబట్టి హక్కులను విడివిడిగా ఇవ్వండి: మొదట బగ్ నివేదికల నిర్వహణ, తర్వాత ఒక డైరెక్టరీ వరకు సమీక్ష బాధ్యత, ఆపైన కలిపే హక్కు. విడుదలలపై సంతకం చేసే కీ అన్నిటికంటే చివర. హక్కు వచ్చినవారి ప్యాచ్‌ను కూడా మరొకరు చూశాకే కలపాలన్న నియమం మీతో సహా అందరికీ వర్తించాలి. బైనరీ టెస్టు ఫైలు ఏదైనా, దాన్ని తయారుచేసే స్క్రిప్టుతో పాటే రావాలి. విడుదల టార్ ఫైలును ఎవరి కంప్యూటరులోనూ కాకుండా గిట్ ట్యాగ్ నుంచి నేరుగా తయారుచేయండి. రెండో వ్యక్తి విడిగా తయారుచేసిన దానితో బైటు బైటూ సరిపోలాకే దానిపై సంతకం చేయండి.